స్పీకరుకు పట్టు అతుకు

ఈమధ్య మా తమ్ముడి అల్లుడు ఒక పాత గిటారు యాంప్లిఫయరును కారులోంచి దింపి నా రిపేరు బల్లమీద పెట్టినప్పుడు, వాల్వుల పెట్టెను బాగుచేయించుకునే మనుషులు ఇంకా మిగిలారే అని ఒక్క నిమిషం సంబరపడ్డాను. అంతా వట్టిదే. ముదిగుబ్బ దగ్గర హోటలు పెడుతున్నాడట, దీన్ని గుంతకల్లులో పాతసామాన్ల కొట్టులో కొన్నాడట, గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతూ కనబడితే చాలునట, పాటలకు లోపల ఇంకో చిన్న డబ్బా దాస్తాడట. బట్టల అంగడి ముందు నిలబెట్టే బొమ్మకూ దీనికీ తేడా తెలియని మనిషి!

వెనక చెక్క విప్పి చూస్తే, స్పీకరు కాగితం మీద అరచేతి వెడల్పున వంకాయరంగు పట్టుగుడ్డ అతుకు ఉంది. అది మా నాయన చేతి పని.

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేసేవాడు, మగ్గం దిగాక రేడియోలు బాగుచేసేవాడు. గుంతకల్లు రైల్వేలో పనిచేస్తూ పెళ్లిళ్లలో గిటారు వాయించే ఒకాయన, స్పీకరు చినిగిందని ఇదే పెట్టెను రైల్లో వేసుకొచ్చాడు. కొత్త స్పీకరు దొరక్కపోతే నాయన పట్టుముక్క కత్తిరించి, పలచటి బంకతో ముడత లేకుండా అతికించాడు. నేనేమో అనంతపురంలో ఆరునెలలు రేడియో పని నేర్చుకుని, సర్టిఫికెట్టును గోడకు తగిలించుకున్న మహా మేధావిని. "స్పీకరుకు చీర కట్టినావు గదా నాయనా" అని ఆ వచ్చినాయన ముందరే పగలబడి నవ్వాను. "మోగుతాండాది గదప్పా" అన్నాడు నాయన, అంతే. మరునాటి నుంచి ఆయన టంకం కడ్డీ ముట్టలేదు. అది నా గెలుపనుకున్నాను, వెధవను.

ఎండిపోయిన కండెన్సర్లు మార్చి, కరెంటిచ్చి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి, గిటారు వైరు గుచ్చేచోట వేలు పెడితే బుర్రుమంది. సౌండు పూర్తిగా పెంచినా అతుకు బరబరమనలేదు. నా సర్టిఫికెట్టును మాత్రం చెదలు ఎప్పుడో తినేశాయి.

అల్లుడు తొంగిచూసి, "ఆ గుడ్డ పీకేయ్ మామా, ఎవురన్నా సూస్తే నవ్వుతారు" అన్నాడు. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది, ఎందుకంటే మొదట నవ్విన ఘనుణ్ణి నేనే కదా. స్పీకరు విప్పి నా దగ్గరే ఉంచుకుని, మిగతా పెట్టె ఇచ్చి పంపాను. వాల్వులు వెలుగుతున్నాయి గనక అతనికి ఏ లోటూ కనబడలేదు.

మన కాలంలో వస్తువు పనిచేస్తే చాలనుకునేవాళ్లం, ఇప్పుడు కనబడితే చాలు. ఆ స్పీకరును నా రేడియోకి తగిలించి రోజూ పొద్దున వార్తలు వింటున్నాను. మోగుతాండాది నాయనా అని ఒప్పుకుందామంటే, వినడానికి ఆయన లేడు.