అత్త అడిగిన పచ్చ

మా మేనత్త పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే బాపు ఫోన్ చేసి, "అత్త నిద్రలనే పోయింది బిడ్డా, జల్ది రా" అన్నాడు. చేర్యాలలో సిద్దిపేట బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు రావాల్సింది. ఆమె ఇంటి రేకుల సంగతి గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను. మీకూ ఆ సంగతే చెప్పాలనిపిస్తోంది.

మామయ్య భివండిలో మగ్గాల మీద పనిచేసినన్నాళ్లూ, తిరిగి వచ్చాక కూడా, అత్త కాపురమంతా కిరాయి ఇళ్లలోనే సాగింది. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లను అడగాలి. "కిరాయింట్ల నవ్వు గూడ మెల్లగ నవ్వాలె" అనేది, తనే పగలబడి నవ్వుతూ. చివరికి సిద్దిపేటలోనే చిన్న జాగ కొని రెండు గదులు లేపారు. పైన రంగు రేకులు వేద్దామనుకున్నారు.

పేచీ రంగు దగ్గర మొదలైంది. మామయ్య ఎరుపు అన్నాడు. బాపూ అదే అన్నాడు, ఆ వాడకట్టులో అందరివీ ఎరుపే కాబట్టి.

"అందరి లెక్కనే ఉంటే అది నా ఇల్లెట్లయితది తమ్మీ? నాకు పచ్చ కావాలె" అంది అత్త.

మామయ్య దుకాణానికి ఫోన్ చేసి పచ్చ రేకులు పంపమన్నాడు. మర్నాడు ట్రాలీ ఆటోలో వచ్చినవి చిలకల్లా ఆకుపచ్చగా ఉన్నాయి. అత్త అడిగింది పసుపుపచ్చ. మా దగ్గర రెండింటినీ పచ్చ అనే అంటారు.

"మంచిగనే ఉన్నయి గదనే, కండ్లకు సల్లగ" అన్నాడు మామయ్య. మేస్త్రీ అప్పటికే నిచ్చెన వేశాడు. "ఉండనియ్యి అక్కా" అని బాపు నచ్చజెప్పాడు.

అత్త తల వంచుకుని నిలబడింది. బాపుతో పాటు వెళ్లిన నేను, ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"ఇన్నేండ్లు వేరేటోళ్లేసిన రంగుల నడుమనే బతికిన. గిదొక్కటి నా ఇష్టానికి ఇడువుండ్రి" అంది మెల్లగా.

మామయ్యే ముందుగా లేచి, దించిన రేకులను మళ్లీ ట్రాలీలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. అత్త పక్కనే ఉన్న కిరాయింటి వంటింట్లోకి వెళ్లి చెంగున ఏదో ముడేసుకొచ్చింది. నన్నూ రమ్మంది. డ్రైవర్ పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. దుకాణంలో ఆమె ముడి విప్పి, పసుపుకొమ్ము తీసి బల్ల మీద పెట్టింది.

"సేటూ, నా పచ్చ గిది."

అతను కొమ్మునూ ఆమెనూ మార్చిమార్చి చూసి నవ్వేశాడు. "గీ రంగు ఎవ్వరడగరమ్మా. తెప్పియ్యాలె. వారం ఆగుతవా?"

"ఇన్నేండ్లు ఆగిన. వారం ఆగనా?"

రేకులు బిగించిన రోజు బాపు గొణుగుతూనే నిచ్చెన ఎక్కి మేస్త్రీకి సాయం పట్టాడు. సాయంత్రం ఎండలో ఆ కప్పు చామంతి తోటలా ఉంది. అత్త దాన్ని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి ఎదురింటి గోడకు తగిలింది. "మీ గోడకు ఏమన్న అయ్యిందా?" అని ఆ ఇంటివాళ్లనే అడిగింది.

అప్పటి నుంచి వాన పడితే నాకు ఫోన్ చేసేది. "ఇను బిడ్డా, మనింటి మీదనే కొడుతుంది" అని, ఫోన్‌ను కప్పు వైపు ఎత్తి పట్టుకునేది. పోయే ముందు పడిన వానకూ చేసింది. రేకుల మోతలో నేను "అత్తా, అత్తా" అని అరుస్తుంటే, అవతల ఆమె నవ్వుతూనే ఉంది.