ఎలియాస్ ఆడని ఆట

డెబ్బైల చివర ఫ్లోరిడాలో, సముద్రం ఒడ్డునున్న ఒక ఊరి ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగా చేరాను. ఊరి సాకర్ జట్టు వైద్యం కూడా మా విభాగానిదే. సీనియర్లెవరికీ ఆ ఆట మీద ఆసక్తి లేక, అది కొత్తగా వచ్చిన నాకు దక్కింది.

అమెరికాలో అప్పుడప్పుడే జనం ఆ ఆటకు అలవాటు పడుతున్నారు. మిగతా చోట్ల గోల్ కొట్టేవాళ్లకు పేరు. మా ఊరు మాత్రం పెరూ నుంచి వచ్చిన ఎలియాస్ అనే డిఫెండర్ మీద మనసు పారేసుకుంది. నిద్రపోతున్న పాప చేతిలోంచి గిలక్కాయ తీసినంత మెత్తగా అతను ఎదుటివాడి కాలి దగ్గర్నుంచి బంతిని తీసుకునేవాడు. స్టేడియం ఊపిరి బిగబట్టి, తర్వాత అతని పేరును సాగదీసి పాడేది. ఆ పాట గాలిలో తేలుతూ బీచ్ దాకా పోయేది.

"అడ్డుపడేవాడికి ఇంత పేరేమిటండీ? గ్రోసరీ స్టోర్‌లో కూడా ఈయన మాటే" అనేది నా భార్య సుజాత. తర్వాత తనూ ఒక్క ఆట మిస్ చేసేది కాదు.

సీజన్ ఆఖరి ఆటకు ముందు ప్రాక్టీసులో అతని మోకాలు మెలిపడింది. ఇలాంటప్పుడు మోకాలిని కొద్దిగా వంచి, కింది ఎముకను ముందుకు లాగి చూస్తాం. ఎముకల్ని కలిపి పట్టుకునే లోపలి లిగమెంట్ బాగుంటే ఎముక ఠక్కున ఆగుతుంది. అతనిది ఆగకుండా జారుతూ వచ్చింది, అంటే లిగమెంట్ తెగింది. జట్టు డాక్టరు ఒప్పుకోనిదే ఆటగాడు మైదానంలో దిగకూడదు. కాసేపు ఆడనిస్తే చాలని మేనేజరు బతిమాలాడు. జనం వచ్చేదే అతని కోసమన్నాడు. నేను ఒప్పుకోలేదు.

మేనేజరు వెళ్లాక ఎలియాస్ నెమ్మదిగా అన్నాడు: "గోల్ కొట్టినవాణ్ణి స్కోరు గుర్తుపెట్టుకుంటుంది డాక్టర్. నేను కనిపించకపోతే నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు?"

"ఆడనివ్వను. నడవొద్దని మాత్రం అనలేదు" అన్నాను.

ఆట రోజు వాన అప్పుడే వెలిసింది. ఎండకు గడ్డి మీంచి ఆవిరి లేస్తోంది. విరామంలో ఎలియాస్ చంకకర్రలతో మైదానం చుట్టూ బయల్దేరాడు. పడతాడేమోనని నేను వెనకే నడిచాను. ఎవరూ అరవలేదు. జనం మెట్లు దిగి కంచె దగ్గరకు వచ్చి చేతులు చాచారు. పేరు పాడారు, జోలపాటంత చిన్నగా. నీళ్లలో నడుస్తున్నట్టనిపించింది నాకు. అతను ప్రతి చేతి దగ్గరా ఆగాడు. రెఫరీ బంతి పట్టుకుని ఎదురుచూశాడు. అవతలి జట్టువాళ్లు గడ్డి మీద కూర్చుండిపోయారు. కంచె దగ్గర సుజాత అతని చెయ్యి పట్టుకుని, నయమయ్యాక మా ఇంటికి భోజనానికి రమ్మంది. అతను నవ్వాడు. ఆ తర్వాతే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ లిగమెంటును నమ్మకంగా బాగుచేసే పద్ధతులు అప్పటికి రాలేదు. ఆపరేషన్ తర్వాత బాగానే నడిచాడు గాని, మా జట్టు ఆడే లీగ్‌లో మళ్లీ ఆడలేదు. కొన్నేళ్లకు ఆ లీగే మూతపడింది. ఎలియాస్ ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. వీధిలో జనం అతన్ని ఆపి పలకరించడం మానలేదు.

అప్పటినుంచి ఆటగాణ్ణి ఆపవలసి వస్తే, ఏం పోతుందని భయపడుతున్నావని ముందు అడిగేవాణ్ణి. మోకాలి పరీక్ష కన్నా దానికి ఎక్కువ సేపు పడుతుంది. నా దగ్గర పనిచేసిన జూనియర్లకు ఆ రెండూ ఒకే పరీక్షగా నేర్పాను.