గుడ్డు తింటే చీము పడుతుందని

రామన్నపేట అంగడి రోజు. గాజుల దుకాణం సర్దుతుంటే ఒక విషయం తట్టింది. నిన్నటి నుంచి నాకు యూరిన్ రాలేదు. అంతకు ముందు వాంతులు, విరేచనాలు. అవి తగ్గాయి కదా, గండం గడిచిందనుకుని అంగడికి వచ్చాను. సాయంత్రానికి చేతులు ఉబ్బిపోయాయి. ఊరందరి చేతులకూ గాజులు తొడిగే నాకు నా గాజులే ఊడి రాలేదు.

నల్లగొండ దవాఖానలో చూసి హైదరాబాదు పంపారు. అక్కడి పెద్ద డాక్టరు రిపోర్టు చదివి, "కిడ్నీ ఫెయిల్యూర్. రక్తంలో యూరియా చాలా పెరిగింది. డయాలసిస్ చెయ్యాలి" అన్నారు. కిడ్నీ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. ఉన్నదనే తెలియనిది చెడిపోయిందంటున్నారు. తోడు వచ్చిన మా అమ్మ పోట్లాటకు దిగింది.

"గోలీలు ఇయ్యరాదు సారూ, పొట్టకు తూటు పెట్టుడెందుకు?"

తూటు పెట్టనే పెట్టారు. అందులోంచి గొట్టం దించి, సీసాల కొద్దీ మందునీళ్లు లోపలికి పోసి మళ్లీ బయటికి తీసేవారు. ఒంట్లో విషం వాటితో పోతుందట. మెలకువగా ఉండి నా పొట్టలోకి నీళ్లు పోవడం నేనే చూశాను.

వాపు దిగసాగింది. దవాఖాన వాళ్లు నాకు పాలు, గుడ్లు, పప్పు ఇచ్చేవారు. పాలు తాగాను గానీ గుడ్లు, పప్పు నా నోటిదాకా రాలేదు. మా వైపు పుండున్న మనిషికి అవి పెట్టరు, చీము పడుతుందంటారు. అమ్మ లెక్కలో నా పొట్ట మీది తూటు పుండే. నా గుడ్లు పక్క మంచం ఆమెకు ఇచ్చి నాకు గంజి తాపేది. "పుండు మానేదాక నోరు కట్టుకో బిడ్డా" అంటే సరేనన్నాను. నాకూ తెలిసింది అదే కదా.

తీరా తూటు దగ్గర నిజంగానే చీము పట్టింది, జ్వరం వచ్చింది.

"చూసినవా? జర్రన్ని పాలు తాగినందుకే గిట్లయింది" అని అమ్మ పాలు కూడా బంద్ చేసింది.

వాపు పూర్తిగా దిగిన రోజున గాజులు వాటంతటవే జారి పక్కలో పడ్డాయి. మణికట్టు వేళ్లతో పట్టి చూసుకున్నాను. చేతుల కొలత నాకు తెలుసు. అది బడికి పోయే పిల్ల చెయ్యి. కండ ఎప్పుడు కరిగిందో వాపు కనపడనివ్వలేదు. ఆ రోజే ఛాతీలో నొప్పి మొదలైంది. పడుకుంటే పొడిచేది, కూర్చుని ముందుకు వంగితే కాస్త నయం.

డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "పెరికార్డైటిస్. గుండె పైపొర వాచింది" అని, నా చెయ్యి చూసి ఆగారు.

"ఏం తింటున్నావమ్మా?"

"గంజి సార్."

"మరి గుడ్లు?"

పక్క మంచం ఆమె తల దించుకుంది.

డాక్టరు అమ్మ వైపు తిరిగారు. "ఆ నీళ్లతో విషమొక్కటే పోదమ్మా, ఒంట్లో ప్రోటీన్ కూడా పోతుంది. అది తిండితోనే రావాలి. చీము ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చింది, గుడ్డు వల్ల కాదు. దాన్నీ, ఈ గుండె వాపునూ తట్టుకునే బలం ఈమెకు లేదు. ఇట్లాగే ఉంటే గుండె ఆగిపోతుంది."

అమ్మ చేతిలోని గంజి గిన్నె కింద పెట్టింది. "నా చేతులార నేనే సంపుకుంటున్ననా సారూ?"

నా మీద ప్రాణం పెట్టుకున్న మనిషి పెట్టిన గంజి వల్లే నా ప్రాణం పోబోయిందంటే ఎట్లా నమ్మను?

ఇంజెక్షన్లు ఇచ్చారు, మళ్లీ డయాలసిస్ చేశారు. అమ్మ గుడ్డు ఒలిచి పెట్టి, నేను మింగేదాకా నోటి వంకే చూసేది. ఒక పొద్దున యూరిన్ వచ్చింది. "నా బిడ్డ ఉచ్చ పోసింది!" అని అమ్మ వార్డంతా వినేటట్టు అరిచింది. సిగ్గుతో దుప్పటి కప్పుకుని, దాని కింద ఏడ్చాను.

ఇప్పుడు మళ్లీ గాజులు అమ్ముతున్నాను. చేతులు నిండాయి, గుండె బాగానే ఉందన్నారు. మీలో ఎవరికైనా ఈ జబ్బు వస్తే ఏం తినకూడదో అడిగి ఊరుకోకండి. ఏం తినాలో కూడా అడగండి, అదీ వండి పెట్టే మనిషిని పక్కన నిలబెట్టుకుని.

మొన్న పక్కింటి వదినకు కొడవలి తగిలి కాలు తెగి కుట్లు పడ్డాయి. వాళ్ల అత్త గంజి కాస్తుంటే మా అమ్మ గుడ్లు పట్టుకుని పోయింది. చీము పడుతుందని ఆమె వద్దన్నదట.

"గా మాటకే నా బిడ్డను పోగొట్టుకుంటుంటి. పట్టు, తినిపియ్యి" అని అమ్మ అక్కడే కూర్చుని గుడ్లు ఒలిచింది.