జక్కయ్య నాలుగంగుళాల పంపు

జక్కయ్య ముప్పై ఏళ్ళు చల్లపల్లి వైపు కాలువ మీద లస్కరుగా చేశాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఇంజనీర్లకు లెక్కలు తెలిస్తే తెలియవచ్చు గాని నీళ్ళ సంగతి తనకే తెలుసనుకునే రకం. తూమెంత పెద్దదైతే నీరంత. ఆయన చదివిన చదువంతా అదే.

పని మానేశాక, భార్య మాణిక్యం పుట్టినూరికి దగ్గరని మైలవరం పక్కన మెట్ట కొని మూడు వందల మామిడి అంట్లు నాటాడు. కాలువ మొహం చూడని నేల. అరవై అడుగుల బావి. ఎవరో దొర బంగళా ఖాళీ చేస్తూంటే పాత గాలిమర ఒకటి దొరికింది. రెక్కలూ స్తంభమూ ఉన్నాయి గాని బావిలో దించే పంపూ పైపులూ లేవు. వాటికోసం నలభై నాలుగు మాఘంలో బెజవాడ వెళ్ళాడు. యుద్ధం రోజులు. ఇనుప సామాను పర్మిట్టు మీద తప్ప దొరకదు, తీసుకున్నాక మార్చుకునే మాట లేదు.

కొట్టు మేస్త్రీ సంజీవరావు రెండంగుళాల ఇత్తడి పంపు చేతికిచ్చాడు.

"ఇది చాలండి. మీ బావి లోతు కదా, పెద్దదైతే నీటి బరువు నాలుగింతలవుద్ది. చిన్న గాలికి రెక్క కదలదు. ఇదైతే సన్నధారే గాని, రోజంతా పడుద్దండి."

జక్కయ్యకు చిర్రెత్తింది.

"ముప్పయ్యేళ్ళు నీళ్ళు పారించినోణ్ణి. నాకు ఉగ్గుగిన్నె చూపిస్తావేంటయ్యా?" అని నాలుగంగుళాలదీ, దానికి తగ్గ లావు పైపులూ బండికెత్తించాడు.

బిగించిన రోజు గాలి గట్టిగా ఉండి నీళ్ళు దబదబా పడ్డాయి. మర్నాటినుంచి రెక్క కదల్లేదు. ఆకు కదిలేపాటి గాలి రోజూ వీస్తూనే ఉంది, చిన్న పంపుకు అది చాలు. ఆ సంగతి మూడో రోజుకే జక్కయ్యకు తెలిసిపోయింది. చెప్పడానికి నోరు రాలేదు.

"గట్టి గాలి లేదే. రేపో మాపో వస్తుందిలే" అన్నాడు భార్యతో.

మాణిక్యం నమ్మింది. గాలిని తిట్టింది, గాలికి మొక్కింది. అరచేతులు బొబ్బలెక్కేలా చేదతో తోడి కడవలు మోసింది. మూడు వందల మొక్కలకు కడవ నీళ్ళు ఏ మూలకు? వైశాఖంలో ఆకులు మాడాయి. జ్యేష్ఠం సగానికి తోటలో పచ్చనిదంటూ మిగల్లేదు.

ఆషాఢం గాలి వచ్చింది. రెక్క గిర్రున తిరిగి, నీళ్ళు పిల్లకాలువంత ధారగా ఎండుకట్టెల మధ్యకు పారాయి. అది చూడలేక జక్కయ్య గట్టు మీద కూలబడి పిచ్చివాడిలా ఏడ్చాడు.

"గాలి తప్పు కాదే. మేస్త్రీ చిన్నది తీసుకోమన్నాడు. నేనే వినలేదు. ఇది మామూలు గాలికి తిరగదని నాకు మూడో రోజుకే తెలిసింది."

మాణిక్యం చంకలో కడవ కింద పెట్టింది.

"తెలిసీ చెప్పలేదా?" అంది. "వేసవంతా మా అన్నయ్య ఎడ్లు చావట్లో ఊరికే నిలబడి ఉన్నాయి. గాలొస్తుందనే ఆగాను. ఒక్క మాట చెబితే బావికి మోట కట్టించేదాన్ని. తోట బతికేది."

ఆమె ఖాళీ కడవ చంకనెత్తుకుని, ఆయనకోసం ఆగకుండా ఇంటివైపు నడిచింది.