ఆయుధపూజలో నా గిటారు

మా అత్తగారు నా గిటారును చింతపండుతో తోమారు. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు పకపకా నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఆపేస్తారు. ఆపక్కర్లేదు. ఇప్పుడు నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ముందు గిటారు సంగతి చెప్పాలి. అది ఎలక్ట్రిక్ గిటారు. ముదురెరుపు ఒళ్ళు, దాని మీద బంగారు రంగు పూత పూసిన లోహపు సామాను. నేను విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా నాన్న కొనిపెట్టారు. మాది మైలవరం దగ్గర. నాన్నకు మామిడితోట తప్ప వేరే లోకం లేదు. షాపులో దాన్ని తిప్పి చూసి, లోపలంతా గట్టి చెక్కే కదా, శబ్దం ఎక్కణ్ణించి వస్తుందని అడిగారు. తీగల కింద ఉన్న రెండు చిన్న పెట్టెల్ని చూపించాను. వాటిని పికప్‌లంటారనీ, తీగ కదిలితే పట్టుకుని స్పీకరుకు పంపిస్తాయనీ చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఊరికి వెళ్ళే బస్సులో దాన్ని నా చేతికివ్వకుండా దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నారు. నాన్న పోయాక ఇంట్లో నాకు అంతకంటే విలువైన వస్తువు లేకుండా పోయింది.

మాది మేం ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. భవానీపురంలో అత్తవారింటికి గిటారుతో సహా వచ్చాను. మా అత్తగారిది నేత కుటుంబం. మగ్గాల మధ్య పుట్టి, రాట్నం మీద కండెలు చుడుతూ పెరిగి, పెళ్ళయ్యాక మామగారితో కలిసి చీరల షాపు నిలబెట్టిన మనిషి. మామగారు లేరు. షాపు ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారని అందరూ అనుకుంటారు, మా ఆయన కూడా అలాగే అనుకుంటారు.

అత్తగారు నన్ను పల్లెత్తు మాట అన్నది లేదు. ఆదివారాలు నేను గిటారు తీస్తే మాత్రం లేచి తన గది తలుపు దగ్గరగా వేసుకునేవారు. గట్టిగా కూడా కాదు, మెల్లగానే. నాకు ఆ మెల్లదనమే ఎక్కువ గుచ్చుకునేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. దెబ్బలాడదామంటే ఆవిడ అవకాశం ఇచ్చేవారు కాదు.

మా ఇంట్లో ఆయుధపూజ చాలా నిష్ఠగా జరుగుతుంది. షాపు కత్తెర, మీటరు బద్ద, కుట్టుమిషను, అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న, మగ్గంలో అడ్డనూలు నడిపే పాత నాడె, ఇంట్లో ఉన్న సుత్తి, పటకారు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగించుకుని, బొట్లు పెట్టించుకుని అమ్మవారి ముందు కూర్చుంటాయి. నేను ఆఫీసు లాప్‌టాప్ పెట్టేదాన్ని. హారతి అయ్యాక విజయదశమి పొద్దుటి దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఏడాదంతా చాకిరీ చేసినవాటికి ఆ ఒక్క రోజు విశ్రాంతి. ఈ విషయంలో అత్తగారు ఎంత గట్టి మనిషంటే, ఒక ఏడు మా ఆయన చొక్కాకి గుండీ ఊడితే సూదికి కూడా సెలవేనని పిన్నీసు పెట్టి పంపించారు.

ఆ ఏడు పండగ నాడు మా ఆఫీసులో నాకు డ్యూటీ పడింది. మధ్యాహ్నానికి పర్మిషన్ తీసుకుని బయల్దేరాను. దసరా జనానికి అమ్మవారి కొండ చుట్టూ దారులు మళ్ళించేసి ఉన్నారు. సందులన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని నాకోసమే చూస్తున్నారు. చెప్పులు విప్పి గబగబా వెళ్ళి నిలబడ్డాను. పీట మీద అన్నిటికంటే ముందు, బంతిపూల దండ వేసుకుని నా గిటారు ఉంది. దాని మీద నీళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. బంగారు పూత సగం పోయి తెల్లటి లోహం బయటపడింది. పికప్‌ల చుట్టూ ఉన్న సందుల్లో కొబ్బరిపీచు ఇరుక్కుని ఉంది.

మా ఇళ్ళల్లో పూజకు ముందు ఇత్తడి సామాను చింతపండుతో తోముతారు. ఆవిడ ఆ బంగారు రంగు ఇత్తడే అనుకున్నారు. నా నోట మాట రాలేదు. నేను సంతోషంతో మూగబోయాననుకున్నారు పాపం.

"ప్లగ్గులో లేదులే, చూసుకునే కడిగా," అన్నారు. "ప్రతేడూ ఆ లాప్‌టాప్ పెడతావు. అది ఆఫీసోళ్ళది, రేపు ఉజ్జోగం మానేస్తే వాళ్ళకి ఇచ్చేయాల్సిందేగా. నీ చేతి పనిముట్టంటే ఇదేగా అమ్మాయ్. చిలుం పట్టిపోయిందని తోమా."

ఈ మాట మరే రోజు అని ఉన్నా ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టేదాన్ని. పెళ్ళైనప్పటి నుంచి నేను ఎదురుచూసిన మాట అదే. అది గిటారును కుళాయి కింద పెట్టి కడిగాక వచ్చింది. హారతి కళ్ళకద్దుకున్నాను. కన్నీళ్ళు ఎందుకొచ్చాయో నాకే తేలలేదు.

భోజనాలప్పుడు వంటింట్లో మా ఆయన చెవిలో గొణిగాను. వెంటనే వెనక మూత విప్పి, పికప్‌లు బయటికి తీసి ఆరబెట్టాలి, పులుసు కలిసిన నీళ్ళు రేపటిదాకా లోపలుంటే సన్నటి రాగి తీగలు తినేస్తాయి, నాన్న కొన్న గిటారు ఇక పలకదు. ఆయన నిస్సహాయంగా దేవుడి గది వైపు చూశారు. మూత విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్లన్నీ బొట్లు పెట్టుకుని పీట మీదున్నాయి. పక్కింట్లో అడుగుదామంటే వాళ్ళవీ అమ్మవారి ముందే ఉన్నాయి. రిపేరు షాపులన్నీ గుమ్మడికాయలు కొట్టి షట్టర్లు దించేశాయి. ఆ పూట భవానీపురం మొత్తంలో పనికొచ్చే స్క్రూడ్రైవర్ ఒక్కటి కూడా లేదు.

ఎందుకు కావాలో అత్తగారికి చెబితే ఇవ్వవచ్చు. అయితే మీరు దీన్ని పాడుచేశారని చెప్పినట్టే అవుతుంది. ఆవిడ మొహంలో ఆ రోజు ఒక వెలుగు ఉంది, వచ్చినవాళ్ళందరికీ గిటారు చూపించి మా కోడలిదని చెబుతున్నారు. గిటారు బతకాలంటే ఆ వెలుగు ఆర్పాలి. నాకు చేతకాలేదు. కోపం ముక్కు మీదుండే మనిషిని, పులిహోర ముందు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

నేను ముద్ద ఎత్తడం లేదని ఆవిడే కనిపెట్టారు. ఏమైందని అడిగితే తలనొప్పన్నాను. నమ్మలేదు, కొడుకును అడిగారు. మా ఆయనకు తల్లి దగ్గర అబద్ధం నిలవదు. ప్లగ్గులో లేకపోయినా దానికి నీళ్ళు తగలకూడదనీ, అది ఇత్తడి కాదు పూత అనీ, లోపల తడి ఆరకపోతే మూగబోతుందనీ ఉన్నదున్నట్టు చెప్పేశారు.

అత్తగారు అంతా విన్నారు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, దేవుడి గదిలోకి వెళ్ళారు. తిరిగొచ్చినప్పుడు ఒక చేత్తో గిటారు, రెండో చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నాయి. స్క్రూడ్రైవర్ మీది కుంకుమను పమిట కొంగుతో తుడిచి నా ముందు పెట్టారు. సూదికి సెలవిచ్చిన మనిషి చేసిన పని చూసి మా ఆయన నోరు తెరిచారు.

"వానకి మగ్గం గుంటలోకి నీళ్ళొస్తే మా నాన్న పండగని చూసేవాడు కాదు," అన్నారు ఆవిడ. "తడిసిన నూలుని రేపటిదాకా వదిలేస్తే కుళ్ళుద్ది. అమ్మవారికి ఆ మాత్రం తెలీదా? తీసుకో."

హాల్లో చాప వేసి కూర్చున్నాం. నేను తీగలు వదులు చేసి, మూత విప్పాను. లోపల నీళ్ళు చిన్న మడుగు కట్టి ఉన్నాయి. అత్తగారు ఒక్కో స్క్రూ అందుకుని అరచేతిలో దాచారు. నీళ్ళద్దడానికి పాత గుడ్డ ఇమ్మంటే, పాత వాటిలో సబ్బు ఉంటుందని షాపు కోసం తెచ్చిన కొత్త నేత గుడ్డ చింపి ఇచ్చారు. పికప్‌ల సందుల్లోని పీచు తీయడానికి ఆవిడ చెయ్యే పనికొచ్చింది. చిక్కుపడిన నూలు విప్పిన వేళ్ళు కదా, ఒక్క రాగి తీగ కూడా తెగనివ్వలేదు. మేమిద్దరం అంతసేపు ఒక చోట కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు. గిటారు ఎవరు కొన్నారని అడిగితే మా నాన్న బస్సులో ఒళ్ళో పెట్టుకున్న సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"నాకు తెలీదమ్మా," అన్నారు. ఆ గొంతులో ఉన్నది చాలు. ఇంకా క్షమాపణలెందుకు?

విప్పినవన్నీ ఫ్యాను కింద ఆరబెట్టి, మర్నాడు పొద్దున్నే బిగించాను. విజయదశమి నాడు ఎవరి పనిముట్టుతో వాళ్ళు కొంచెం పని చేసి మొదలుపెట్టాలి. మంచి ఘడియలో షాపులో మొదటి తాను కొయ్యాలని మా ఆయన స్నానం చేసి, కత్తెర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు. అత్తగారు ఆయన్ని ఆపేశారు. ముందు అమ్మాయిది కానివ్వమన్నారు. వర్జ్యం వచ్చేస్తుందమ్మా అని ఆయన నసిగారు.

"షాపు ఆగుద్దిలేరా."

వైరు తగిలించి స్పీకరు పెట్టాను. తీగ మీటితే కర్ర చప్పుడు తప్ప ఏమీ రాలేదు. గిటారు మీది స్విచ్చి రెండో పికప్‌కు మార్చి మళ్ళీ మీటాను. ఈసారి పలికింది. కొంచెం గరగర ఉంది, పాత గుండ్రదనం లేదు, కానీ పలికింది. ఒకటి పోయినట్టే, రెండోది బతికిందని చెప్పాను. అంతా బాగుందని అబద్ధమాడదామని అనిపించింది గానీ, నూలు సంగతి తెలిసిన మనిషి దగ్గర ఆ అబద్ధం ఎందుకని మానేశాను. ఆవిడ తలూపి, అక్కడే సోఫా అంచున కూర్చుని, ఇంకొంచెం వాయించమన్నారు.

వాయించాను. కత్తెర పట్టుకుని మా ఆయన, చేతులు ఒళ్ళో పెట్టుకుని మా అత్తగారు, ఘడియ దాటుతున్నా కదలకుండా ఉన్నారు. నేను ఆ ఇంటి కోడలినయ్యాక, నా పని మొదలవ్వడం కోసం ఇంటిల్లిపాదీ ఆగడం అదే మొదటిసారి.