జీడితోటలో చక్రాల ఇల్లు

విశాఖపట్నంలో పాత సామాన్లు అమ్మే ఒక ఆవరణలో ఆ బండిని మొదటిసారి చూసినప్పుడు అది ఇల్లని నాకు తెలియలేదు. జీపు చక్రాల మీద నిలబెట్టిన ఆకుపచ్చ ఇనప్పెట్టెలా ఉంది. ముందు పొడుగాటి ఇనప ముక్కు, దాని చివర జీపుకి తగిలించే రింగు. అమ్మేవాడు రెండు గొళ్ళాలు తీసి పైమూత ఎత్తాడు. లోపల మడతపడి ఉన్న గుడారం లేచి నిలబడింది. రెండు పక్కలా రెండు మంచాలు బయటికి విచ్చుకున్నాయి. వెనక పక్క సొరుగులా లాగితే వంట బల్ల వచ్చింది. ఇసుక పరీక్షలకని వచ్చిన ఎవరో విదేశీయులు సముద్రం ఒడ్డున నెలల తరబడి ఇందులోనే కాపురం ఉన్నారట. రోడ్డు లేని చోటికైనా లాక్కుపోవచ్చునట. పని ముగియగానే దీన్ని వదిలేసి తమ దేశం వెళ్ళిపోయారు.

నేను బేరం ఆడలేదు. మా ఇంట్లో బేరం ఆడే అలవాటు లేదు. ఆడకపోవడం వల్లనే ఇల్లు పోయిందని మా అక్క అంటుంది.

ఇల్లు పోయిన మాట నిజమే. మందస దగ్గర మా తాతగారు కట్టించిన మేడ నా చిన్నతనంలోనే చేతులు మారింది. నేను పెళ్ళి చేసుకోలేదు, కారణాలు ఇక్కడ అనవసరం. పలాసలో రెండు గదుల వాటాలో ఉండేవాణ్ణి. రోజూ ఇస్త్రీ పంచె కట్టుకునే బయటికి వచ్చేవాణ్ణి. మా నాన్నగారు వదిలిన ఆస్తిలో మిగిలిందల్లా కవిటి అవతల, సముద్రపు హోరు వినిపించే దూరంలో ఉన్న ఎనిమిదెకరాల జీడితోట. అది నాకూ అక్కకూ ఉమ్మడి. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. టెక్కలిలో ఉండేది. బావ రెవెన్యూ ఆఫీసులో పనిచేసి అప్పటికి రిటైరయ్యాడు.

ఆ తోటను ఒక వ్యాపారి కొంటానని రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ఒక శీతాకాలం మధ్యాహ్నం అక్క నన్ను పిలిపించి విషయం తేల్చేసింది.

"జీడిపిక్కలు తెల్లవారుజామున రాలతాయిరా, ఎవరెవరో వచ్చి ఏరుకుపోతారు. నువ్వు పది గంటలకి ఇస్త్రీ పంచెతో దిగుతావు. అప్పటికి చెట్ల కింద నీకోసం ఆకులు మిగుల్తాయి. ఒక్క రాత్రైనా ఆ తోటలో పడుకున్నావా?"

"ఎక్కడ పడుకోమంటావు? కాపలావాడు వదిలేసిన పాకలోనా?"

"పడుకుంటే ఏటట? తాటాకు కరుస్తుందా?"

"మన వంశంలో ఎవరూ పాకలో పడుకోలేదు."

"మన వంశంలో ఎవరూ అద్దింట్లో కూడా ఉండలేదు" అంది అక్క.

తర్వాత కాస్త మెత్తబడి షరతు పెట్టింది. వచ్చే కాపుకి నేను తోటలో మకాం పెడితే తను సంతకం చెయ్యదు. లేకపోతే వ్యాపారి కాగితాలు తెచ్చిన రోజునే చేసేస్తుంది. అక్క మాట అంటే మాటే. తోట అమ్ముడైతే నాకు మిగిలేది పలాసలో వాటా, పాత పేరు. అందుకే ఆ బండి కొన్నాను. అది పాక కాదు. దానికి నాలుగు గోడలున్నాయి, తలుపుంది, తాళం ఉంది.

పలాసలో జీడి ఫ్యాక్టరీల యంత్రాలు బాగుచేసే ఒక వెల్డింగు మేస్త్రి ఉండేవాడు. బండిని అతని షెడ్డుకి చేర్చాను. జీడిపెంకు నూనె వాసన ఆ షెడ్డు గోడలకి కూడా పట్టేసి ఉండేది. మేస్త్రి బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, కిందికి దూరి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"బండి బంగారమండి బాబూ. ఇరుసు సూడండి, ఏనుగెక్కినా ఒంగదు. ఏటేటి సెయ్యాలో సెప్పండి, సేసేత్తాను."

చెయ్యవలసినవి చాలానే ఉన్నాయి. బండితో వచ్చిన పుస్తకం ఏ భాషో మాకు అర్థం కాలేదు, బొమ్మలు చూసి పని నడిపించాం. మంచాలు ఆ దేశం వాళ్ళ పొడవుకి చేసినవి. పడుకుంటే నా కాళ్ళ దగ్గర ఇంకో మనిషికి చోటు మిగిలేది. అక్కడ బట్టల పెట్టె బిగించమన్నాను. వాళ్ళ పొయ్యికి మన గ్యాసు అతకలేదు. దాన్ని పీకేసి కిరసనాయిలు స్టవ్వు పెట్టి, సముద్రపు గాలికి ఆరిపోకుండా చుట్టూ రేకు గోడ కట్టించాను. జీడిపప్పు ఆరబెట్టే జాలీ ట్రేలు పాతవి రెండు తెచ్చి మేస్త్రి గిన్నెల అర చేశాడు. కిటికీలకి కొత్త దోమతెరలు వేశాం. మా తోట ఉన్న ఉద్దానంలో బావి నీళ్ళు తాగితే కిడ్నీలు పాడవుతాయని అప్పటికే జనంలో భయం ఉండేది. అందుకని తాగే నీళ్ళకి ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి ఇత్తడి కుళాయి పెట్టించాను. ప్లాస్టిక్ కుళాయి చాలని మేస్త్రి అన్నాడు. ఇత్తడిదే ఉండాలన్నాను.

ఇంతవరకూ మా ఇద్దరికీ బాగానే కుదిరింది. గొడవ భోషాణం దగ్గర వచ్చింది.

మేడ నుంచి నాకు దక్కిన వస్తువు అదొక్కటే. టేకు చెక్క, ఇనప పట్టీలు. లోపల గంగాళం, బిందెలు, కూజాలు, మా తాతగారు తాంబూలం ఉమ్మిన తమ్మపడిగ. నలుగురు మోస్తే గాని కదలదు. బరువైన వస్తువు నైరుతి మూల ఉండాలన్నది మా ఇంటి పద్ధతి. నాలుగు తరాలుగా ఆ భోషాణం నైరుతి మూల తప్ప మరోచోట కూర్చోలేదు. షెడ్డులో బండి తూర్పు ముఖంగా నిలబడి ఉంది. నేను దిక్సూచి తెచ్చి చూశాను. నైరుతి అంటే బండికి కుడిపక్క, వెనకాల మూల. ఈశాన్యంలో నీళ్ళ డ్రమ్ము, అంటే ముందు ఎడమ మూల. శాస్త్రం చక్కగా అమరింది.

మేస్త్రి తల గోక్కున్నాడు.

"బాబూ, బరువు ఎనక్కి పడితే ఇది ముక్కెత్తేత్తది. బరువు ఇరుసు మీద, కాసింత ముక్కు మీద ఉండాల."

"ఇది ఇల్లు. ఇంటికి నైరుతి ఉంటుంది."

"ఇల్లేనండి, కాదన్లేదు. మరి రోడ్డు మలుపు తిరిగితే నైరుతి ఏటి సేత్తది? అదీ తిరుగుద్దా, అక్కడే ఉండిపోద్దా?"

భోషాణాన్ని నేను చెప్పిన చోటే బోల్టులు లేకుండా, తాళ్ళతో కట్టించాను. దానికి మేకు కొట్టడానికి మనసొప్పలేదు.

ఫాల్గుణంలో ఒక ఉదయం బయల్దేరాం. బావ పాత జీపు, బావే డ్రైవరు. ముందు సీటులో అక్క. వెనక సీటులో నేను నిటారుగా కూర్చుని, కిటికీలోంచి నా ఇల్లు నా వెనకాల రావడం చూస్తున్నాను. దారిలో బరువెందుకని నీళ్ళ డ్రమ్ము ఖాళీగా ఉంచాం. తోట దగ్గరి ఊళ్ళో పంచాయతీ కుళాయి నుంచి మంచి నీళ్ళు నింపుకోవాలనుకున్నాం. ఆ ఆలోచన కూడా నాదే.

పలాస దాటి హైవే మీద బావ కాస్త వేగం పెంచాడు. బండి తోక ఊపడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత కోపం వచ్చిన గేదెలాగ. జీపు కూడా దాంతో పాటే ఊగింది.

"బావగారూ, మీ మేడ నాట్యం చేస్తోందండీ" అన్నాడు బావ, స్టీరింగు గట్టిగా పట్టుకుని. ఎగతాళి చేసేటప్పుడు అతను నన్ను మీరు అంటాడు.

ఎలాగో నెమ్మది చేసి రోడ్డు పక్కన ఆపాడు. దగ్గర్లో ఒక టీ కొట్టు, బస్సు కోసం నిలబడిన పదిమంది ఉన్నారు. కొక్కెం సరిగా పడిందో లేదో చూస్తానని బావ దిగి, దాని పిన్ను లాగాడు. అంతే. బండి ముక్కు ఆకాశంలోకి లేచింది. వెనక భాగం నేల మీద చతికిలబడింది. లోపల తాడు తెగిన చప్పుడు, వెంటనే తలుపు తెరుచుకున్న చప్పుడు. నాలుగు తరాల భోషాణం జారి వచ్చి రోడ్డు పక్క మట్టిలో బోర్లాపడింది. మూత ఊడింది. బిందెలు, కూజాలు దొర్లుకుంటూ టీ కొట్టు దాకా వెళ్ళాయి.

నేను దిగి పంచె సర్దుకున్నాను. బస్సు కోసం నిలబడిన వాళ్ళలోంచి ఒకామె వచ్చి గంగాళం మీద వేలితో కొట్టి చూసింది.

"ఇదెంతకిత్తావు బాబూ? పాతదే గాని మట్టంగా ఉంది."

ఇత్తడి సామాన్లు అమ్ముకునేవాడినని ఆమె అనుకుంది. ఆమెకి తోడు ఇంకో ఇద్దరు చేరారు. ఒకాయన తమ్మపడిగ తిరగేసి, "పూలకుండీకి బాగుంటది" అన్నాడు.

జీపులోంచి అక్క తల బయటపెట్టింది. "అడగండమ్మా, అడగండి. ఆయన బేరం ఆడడు" అంది. ఆ మాట అని నవ్వడం మొదలుపెట్టింది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ముక్కెత్తిన బండి నీడలో కూర్చుని బావ కూడా నవ్వుతున్నాడు. చివరికి నేనూ నవ్వాను. నవ్వడం తప్ప చెయ్యగలిగింది లేదు, తమ్మపడిగ ఇంకా ఆయన చేతిలోనే ఉంది మరి.

అక్కడున్నవాళ్ళే సాయం పట్టారు. గంగాళం అమ్మకానికి కాదని తెలిశాక కూడా ఆ ఆడమనిషి బిందెలు అందించింది. ఈసారి మేస్త్రి చెప్పినట్టు సర్దాం. టీ కొట్టు బోరింగు నీళ్ళతో డ్రమ్ము నింపి ముందు పెట్టాం. బిందెలు ముక్కు దగ్గర. భోషాణం సరిగ్గా ఇరుసు మీద, అంటే బండికి నడిమధ్యన.

"బావా, ఇంటికి నడిమధ్యన బరువుండకూడదు కదా?" అన్నాడు బావ అమాయకంగా.

"బండి నడుపు" అన్నాను.

బండి ఆ తర్వాత తోక ఊపలేదు. కవిటి దాటి కొబ్బరి తోటల మధ్య మట్టి రోడ్డు మీద ఎంతో బుద్ధిగా వచ్చింది. ఊళ్ళో ఆ బోరింగు నీళ్ళు పారబోసి కుళాయి దగ్గర మంచి నీళ్ళు పట్టుకున్నాం. తోట ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగా రోడ్డు ఆగిపోయి ఇసుక మొదలైంది. చక్రాలు సగం దిగబడ్డాయి. వలలు బాగుచేసుకుంటున్న బెస్తవాళ్ళు లేచి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన చక్రం మీద కాలితో తన్ని చూశాడు.

"గాలి తీసీండి బాబూ, సగం తీసీండి. పడవ నీటి మీద తేలినట్టు ఇసక మీద తేల్తది."

గాలి తీశాం. వాళ్ళు చక్రాల ముందు కొబ్బరి మట్టలు పరిచారు. వెనకవి తీసి మళ్ళీ ముందు వేస్తూ, పడవని ఒడ్డుకి లాగినట్టే తాళ్ళు కట్టి లాగారు. జీపు లాగింది తక్కువ, వాళ్ళు లాగింది ఎక్కువ. నేను కూడా ఒక తాడు పట్టుకున్నాను. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టక తప్పలేదు. అక్క చూసిందని నాకు తెలుసు.

తోటలో ఎత్తుగా ఉన్న చోట బండి నిలబెట్టాం. నాలుగు మూలలా కాళ్ళు దింపి, ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి లోపల నేల మీద పెట్టాం. నీళ్ళు ఏ పక్కకీ వాలకుండా నిలబడేదాకా బావ జాకీ తిప్పుతూనే ఉన్నాడు. పళ్ళేన్ని కనిపెట్టుకుని ఉన్నది అక్క. "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అంటూ తనే పని నడిపింది. గుడారం ఎత్తాం. మంచాలు విచ్చుకున్నాయి. స్టవ్వు మీద తనే టీ పెట్టి, రేకు గోడ పనితనం బాగుందని ఒప్పుకుంది.

ఆ రాత్రి అక్క కూడా అక్కడే ఉంటానంది. ఇది ఇల్లో బొమ్మో పడుకుంటే గాని తేలదట. బావ జీపులో సర్దుకున్నాడు.

తెల్లవారుజామున లేచి చూస్తే ఆమె మంచం ఖాళీగా ఉంది. మసక వెలుతురులో చెట్ల కింద ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. పక్క పాలెం నుంచి నలుగురు గంపలతో వచ్చినట్టున్నారు. వాళ్ళ మధ్య అక్క నిలబడి ఉంది.

"అమ్మగోరు ఒచ్చీసినారేటి!" అంటోంది ఒకామె. ఆ గొంతులో కంగారు ఉంది, మర్యాద కూడా ఉంది.

"వచ్చాను. ఏరండి, ఏరండి, ఆగిపోయారేం? కూలి ఇస్తాను. గంపలు ఆ బండి దగ్గర పొయ్యండి."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, కూలికే వచ్చినట్టు ఏరడం మొదలుపెట్టారు. ఎండ ఎక్కేసరికి బండి పక్కన పిక్కల కుప్ప నా మోకాలి ఎత్తు అయింది. ఆ తోటలో అంత కుప్ప నేను ఎప్పుడూ చూడలేదు. అక్క దాని చుట్టూ తిరుగుతూ పండు అంటుకున్న పిక్కలు ఏరి వేరు చేస్తోంది.

తొమ్మిదింటికి వ్యాపారి వచ్చాడు. మోపెడ్ ఇసుకలో దిగబడితే వదిలేసి, కాగితాల కవరు చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. ముందు కుప్పను చూశాడు, తర్వాత బండిని, తర్వాత అక్కను.

"అమ్మా, కాగితాలు తెచ్చానండి."

"మంచిది. టీ తాగి తీసుకెళ్ళు" అంది అక్క. "అమ్మడం లేదు. పిక్కలు కావాలంటే చెప్పు, ధర మాట్లాడదాం. మా తమ్ముడితో కాదు, నాతో మాట్లాడాలి."

అతను టీ తాగాడు. ధర కూడా మాట్లాడాడు. గ్లాసు రెండోసారి నింపించుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

అతను వెళ్ళాక అక్క లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. బావను టెక్కలి పంపి నాలుగు చీరలు, మందులు తెప్పించమంది. కాపు అయ్యేదాకా ఉంటుందట. తర్వాత చేత్తో మంచం పక్కనున్న బండి గోడ తట్టింది.

"ఇదేట్రా, చెట్ల వైపు కిటికీ లేదు? ఇక్కడ కూర్చుంటే తోట కనబడాలా వద్దా? ఎంత ఎత్తులో కావాలో చూసుకో."

నేను టీ గిన్నె అడుగు మసి వేలికి రాసుకున్నాను. అక్క కళ్ళకి సరిగ్గా ఎదురుగా గోడ మీద ఒక గీత గీశాను.

"కొంచెం కిందికి" అంది.

చెరిపి, కిందికి గీశాను.