ఉల్లిపాయ పేరు రాని నారాయణప్ప గారు

ముప్పై ఏళ్ళు ఉల్లిపాయలమ్మిన మనిషికి ఉల్లిపాయ పేరు నేర్పుతానని మూడు వారాలు కుస్తీ పట్టిన ఘనురాలిని ఈ బెంగళూరు మొత్తంలో నేనొక్కదాన్నే. నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పటికి నేను తెనాలి నుంచి వచ్చి నెలన్నర. స్పీచ్ థెరపిస్టు పట్టా చేతికొచ్చిన వేడి ఇంకా చల్లారలేదు. హూడిలోని మా చిన్న క్లినిక్‌కి, ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగాయన, నారాయణప్ప గారు వచ్చారు. స్ట్రోకు నుంచి కోలుకున్నారు గానీ అఫేసియా మిగిలింది. అంటే వస్తువు తెలుసు, పేరు మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. గొడుగు బొమ్మ చూపిస్తే "అదే... వానకు... అదే" అని నుదురు కొట్టుకునేవారు. "కూరగాయల పేర్లు చెప్పినప్పుడే అంగట్లో కూర్చోనిస్తా" అని కొడుకు షరతు. ఆయనకు ఆ కొట్టే ప్రాణం. నేను 'సరే' అని రాస్తేనే దాని తలుపు ఆయనకు తెరుచుకుంటుంది.

ఉల్లిపాయ కార్డు తీశాను.

"ఎర్రగడ్డ" అన్నారాయన ఠక్కున.

"భలే! రంగు చెప్పారు, ఆకారం చెప్పారు. ఇప్పుడు పేరు చెప్పండి."

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఎర్రగడ్డమ్మా, ఎర్రగడ్డ!"

"తొందర లేదు. మొదటి అక్షరం 'ఉ'."

"ఉ... ఉప్పు?"

"కాదు. తరిగితే కళ్ళల్లో నీళ్ళొస్తాయి, ఏమిటది?"

"ఎర్రగడ్డ!"

మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారని తెలుసు. కాస్త ఆగండి, నేనింకా దిగజారాలి.

వెల్లుల్లి చూపిస్తే "తెల్లగడ్డ". బంగాళాదుంప చూపిస్తే "ఉర్లగడ్డ". నాకు ఒళ్ళు పులకరించింది! పేరు దొరకనివాళ్ళు వస్తువును వర్ణిస్తారనీ, ఒక్కోసారి ఒకే మాటకు అతుక్కుపోతారనీ చదువుకున్నాను. ఇక్కడ రెండూ దొరికాయి. "గడ్డ దగ్గర ఆగిపోతున్నారు" అని ఫైల్లో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడో వారానికి గొడుగు వచ్చింది, దువ్వెన వచ్చింది, ఉల్లిపాయ మాత్రం రాలేదు. కార్డు తీయగానే పెద్దాయన తల వంచుకోవడం మొదలుపెట్టారు. "నాకింక... మాట... రాదేమోమ్మా" అన్నారొకరోజు. నాకు ఏడుపొచ్చింది. వెంటనే వెళ్ళి ఇంకో నాలుగు ఉల్లిపాయ బొమ్మలు ప్రింట్ తీయించాను.

మర్నాడు, ఎప్పుడూ గుమ్మం దగ్గరే దింపి వెళ్ళిపోయే కొడుక్కి తీరిక లేక ఆయన భార్య తోడొచ్చారు. మా కష్టం ఆవిడ కూడా చూస్తుందని కార్డు తీశాను.

"ఎర్రగడ్డ" అన్నారాయన నేల చూపులు చూస్తూ.

"చూశారామ్మా? పేరు రావట్లేదు" అన్నాను బరువుగా.

"ఈయప్ప సరిగ్గానే చెప్తా ఉండాడు కదమ్మా! ఎర్రగడ్డను ఎర్రగడ్డ అనక ఇంకేమంటారు?"

"ఉల్లిపాయ..."

"అది మీ దిక్కు పేరు. మా ఇండ్లల్లో ఎర్రగడ్డే, తెల్లగడ్డే. నీకు తెలీదా తల్లీ?"

ఎలా తెలుస్తుంది? సరుకులన్నీ ఫోన్లో తెప్పించుకునేదాన్ని. "ఉ... అదే... ఉ..." అని నుదురు కొట్టుకున్నాను. నారాయణప్ప గారు నన్ను చూసి, మూడు వారాల్లో మొదటిసారి, పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడికక్కడే గడ్డలన్నిటికీ మార్కులు వేసి రిపోర్టు తిరగరాశాను.

ఆ ఆదివారం ముఖం చెల్లకపోయినా కొట్టుకు వెళ్ళాను. కుర్చీలో ఆయనే ఉన్నారు, దర్జాగా. "అర కిలో ఉల్లిపాయలివ్వండి" అన్నాను అలవాటు కొద్దీ.

ఆయన తక్కెడ పక్కన పెట్టి చేతులు కట్టుకున్నారు. అచ్చం నా గొంతుతో, "తొందర లేదు. మొదటి అక్షరం... 'ఎ'."

నా వెనక నలుగురు సంచులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. "ఎ... ఎర్రగడ్డలు" అన్నాను.

"భలే!" అన్నారు నారాయణప్ప గారు.

కాబట్టి ఆ అర కిలో ఎర్రగడ్డల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని అడగనిదే ఇక ఏ కార్డూ తీయను. తీస్తే, ఈ జన్మలో నాకు ఎర్రగడ్డ దోసె దక్కకుండా పోవుగాక.